బనూ కాబ్ తెగ సుల్తానుదా, షాదా? షత్ అల్-అరబ్ తగాదా పత్రాలను ఎలా చదవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. బస్రాకు దిగువన, షత్ అల్-అరబ్ నది తూర్పు ఒడ్డున ఉండే బనూ కాబ్ అనే అరబ్బు తెగ 18, 19 శతాబ్దాల్లో ఒట్టోమన్ సుల్తాను కింద ఉండేదా, ఇరాన్ షా కింద ఉండేదా? ఇరాక్ వైపు నుంచి రాసేవాళ్లు బస్రాకు శిస్తు కట్టిన దాఖలాలు చూపిస్తారు. ఇరాన్ వైపు నుంచి రాసేవాళ్లు షా ఇచ్చిన ఫర్మానాలు, అంటే రాజాజ్ఞలు, చూపిస్తారు. ఎవరి మాట పట్టుకోవాలి?

రెండు రకాల పత్రాలూ నిజమైనవే. కాకపోతే అవి చెప్పే సంగతులు వేరు. 1847లో ఈ రెండు రాజ్యాల మధ్య ఒప్పందం కుదరడానికి ముందు "ఈ తెగ ఎవరిది" అంటే తెగ మొత్తానికి సరిపోయే ఒకే జవాబు లేదు. తెగలో ఏ శాఖ, ఏ నేలకు, ఏ ఏడాది, ఏ బాపతు కింద, ఎవరికి కట్టింది అన్న లెక్కే ఉంది. ఆ లెక్కనంతా ఒక్క మాటకు కుదించాలని 1843లో రెండు ప్రభుత్వాలు కూర్చున్నాయి. కుదించిన పద్ధతిలోనే లోపం ఉంది. తర్వాతి డెబ్బై ఏళ్ల తగాదా చాలావరకు అందులోంచే పుట్టింది. అందుకని ముందు నేల సంగతి చూసి, ఆ తర్వాత డబ్బు, ఆ తర్వాత ఒప్పందం దగ్గరికి వెళ్లడం మంచిది. నేల తెలియకుండా ఒప్పందం చదివితే ఏమీ అర్థం కాదు.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు ఖుర్నా దగ్గర కలిసి షత్ అల్-అరబ్ అవుతాయి. బస్రా దాటాక తూర్పు నుంచి కారూన్ నది వస్తుంది. కారూన్ సహజంగా గల్ఫ్‌లో కలిసే పాయ బహ్మన్‌షీర్. హఫ్ఫార్ అనే తవ్వుకాలువ కారూన్ నీటిని షత్ అల్-అరబ్‌లోకి కలిపింది. బహ్మన్‌షీర్, షత్ అల్-అరబ్‌ల మధ్య మిగిలిన పొడవాటి లంక అబాదాన్. పాత పత్రాల్లో దీన్నే ఖిజ్ర్ ద్వీపం అంటారు. దానికి తూర్పున ఖుబ్బాన్ చిత్తడి నేలలు, ఇంకా తూర్పున జర్రాహీ నది పారే దౌరఖ్ ప్రాంతం ఉన్నాయి. కాబ్ తెగ దిగువ ఇరాక్ నుంచి వచ్చి మొదట ఖుబ్బాన్‌లో నిలదొక్కుకుంది. 1747లో నాదిర్ షా చనిపోయాక ఏర్పడిన గందరగోళంలో షేక్ సల్మాన్ నాయకత్వాన దౌరఖ్ మీద పట్టు బిగించింది. అక్కడ అంతకుముందు ఉన్న అఫ్షార్ తెగవాళ్లు చోటు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఫల్లాహియా, అంటే నేటి షాదెగాన్, తెగకు ముఖ్యపట్టణం అయింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. దౌరఖ్ ఇరాన్ జమాబందీలోని నేల. షత్ అల్-అరబ్ ఒడ్డు వెంబడి ఉన్న ఖర్జూర తోటల్లో చాలా భాగం బస్రా లెక్కల్లోని నేల. ఒకే తెగ రెండింటినీ దున్నుకుంటోంది. దౌరఖ్‌కు షా అధికారికి, ఒడ్డు తోటలకు బస్రా అధికారికి చెల్లించడంలో ఆ రోజుల్లో ఎవరికీ వింత కనిపించలేదు. దాన్ని రెండు నాలుకల వ్యవహారంగా చూపించినవాళ్లు తర్వాత వచ్చిన దౌత్యవేత్తలే.

ఇక డబ్బు. పత్రాల్లో "కాబ్ షేకు ఇంత కట్టాడు" అని కనిపించగానే తీర్మానం చేసేయకూడదు. చెల్లింపులు కనీసం నాలుగు రకాలు, ఒక్కోటి ఒక్కో సంగతికి సాక్ష్యం.

మొదటిది గుత్త. ఒక ప్రాంతం మొత్తం శిస్తును షేకు ముందే మాట్లాడుకుని ఏడాదికి ఇంతని కడతాడు. ఇది నేల ఎవరి లెక్కలో ఉందో చెబుతుంది. గుత్తదారు ఎవరి ప్రజ అన్నది దీనివల్ల తేలదు. పరాయి రాజ్యపు ప్రజ కూడా గుత్త తీసుకోవచ్చు.

రెండోది పుల్లరి, అంటే పచ్చిక బీళ్లలో మంద మేపుకున్నందుకు కట్టే సొమ్ము. దీన్ని తెగ విధేయతకు రుజువుగా చూపడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. సొంత తెగల మీద ప్రభుత్వాలు సాధారణంగా గుడారాల లెక్కనో, పశువుల లెక్కనో పన్ను వేసేవి. పుల్లరి ఎక్కువగా బయటినుంచి వచ్చిన మందల మీద పడేది. కాబట్టి పుల్లరి రసీదు ఒక్కోసారి "వీళ్లు మావాళ్లు కారు" అన్నదానికే సాక్ష్యం అవుతుంది. నదీ తీరపు కాబ్ తెగ కంటే ఉత్తరాన ఉన్న కుర్దు తెగల విషయంలో ఇది మరీ ముఖ్యం. జాఫ్ తెగ చలికాలంలో ఒట్టోమన్ వైపు షహ్రిజోర్, గర్మియాన్ మైదానాల్లో ఉండి, వేసవిలో ఇరాన్ వైపు అర్దలాన్ కొండలకు మందలు తోలుకుపోయేది. అర్దలాన్ వాలీ, అంటే అక్కడి పాలకుడు, తీసుకున్న పుల్లరిని ఇరాన్ కప్పం అనేది, ఒట్టోమన్ గవర్నరైన బాగ్దాద్ పాషా బీడు కిరాయి అనేవాడు. బకాయి పడ్డ ఏడాదులు పేరుకుని చివరికి 1847 ఒప్పందంలో నాలుగో నిబంధన కింద దానికొక విచారణ సంఘమే వేయాల్సి వచ్చింది.

మూడోది పేష్కష్. నౌరోజ్ పండుగకో, కొత్త షేకు గద్దెనెక్కినప్పుడో పంపే కానుక. బదులుగా ఖిల్లతు అనే గౌరవ వస్త్రం, ఫర్మానా వస్తాయి. పంపిన ఏడాదిలో పంపినవాడు ఆ దర్బారు గుర్తింపు కోరుకున్నాడని మాత్రమే ఇది చెబుతుంది. షేకు పదవికి అన్నదమ్ముల మధ్య పోటీ ఉన్నప్పుడు ఒకరు బస్రా గుర్తింపు, ఇంకొకరు షా గుర్తింపు తెచ్చుకోవడం మామూలు. అలాంటి ఏడాది పత్రం ఒక్కటి పట్టుకుని తెగ అంతా ఆ వైపు తిరిగిందనడం తప్పు.

నాలుగోది దండయాత్ర సొమ్ము. సైన్యం వచ్చి ఊరి బయట దిగింది, షేకు ఏదో ఇచ్చి పంపించాడు. ఆ ఏడాది సైన్యం వచ్చిందని తప్ప దీనివల్ల ఇంకేమీ తేలదు.

దఫ్తరు లెక్కల్లో మరో ఉచ్చు ఉంది. డిమాండు ఒక గడి, వసూలు ఒక గడి, బకాయి ఒక గడి. చాలామంది డిమాండు గడిలోని అంకెనే ఎత్తి రాస్తారు. ఒకే మొత్తం ఏళ్ల తరబడి మార్పు లేకుండా డిమాండులో కనబడుతూ, వసూలు గడి ఖాళీగా ఉంటే, అక్కడ ఉన్నది ప్రభుత్వపు దావా మాత్రమే, పట్టు కాదు. అలాంటి పద్దును సాక్ష్యంగా వాడాలంటే ఆ మాట చెప్పి వాడాలి.

వీటన్నిటికంటే గట్టి పరీక్ష నష్టపరిహారం. తెగ ఎవరినో దోచుకున్నప్పుడు బాధితులు ఎవరి దగ్గరికి వెళ్లారు? ఆ ప్రభుత్వం "అవును, వాళ్ల జవాబుదారీ మాదే" అందా, చేతులు దులుపుకుందా? లాభం వచ్చేచోట ప్రతి ప్రభుత్వమూ తెగ తనదే అంటుంది. నష్టం చెల్లించాల్సిన చోట కూడా అదే మాట మీద నిలబడితే ఆ దావాకు బరువు ఉంటుంది.

1765, 1766 సంవత్సరాలకు ఈ పరీక్ష పెట్టి చూడండి. 1765లో ఇరాన్ పాలకుడు కరీం ఖాన్ జంద్ స్వయంగా కాబ్ తెగ మీదికి దండెత్తాడు. బాగ్దాద్ పాషాతో ముందే మాట్లాడుకున్నాడు కానీ అటునుంచి అనుకున్న సాయం అందలేదు. షేక్ సల్మాన్ పడవల మీద ఒట్టోమన్ నేలకు, లంకలకు జారుకున్నాడు. కరీం ఖాన్ గుర్రపు దళం నీళ్లు దాటలేక, కారూన్ మీద తెగ కట్టుకున్న సబ్లా ఆనకట్టను తెగ్గొట్టి, కప్పం మాట తీసుకుని వెనక్కి మళ్లింది. అదే ఏడాది కాబ్ నావలు మూడు ఇంగ్లీషు ఓడల్ని పట్టుకున్నాయి. ఇంగ్లీషువాళ్లు బస్రా వైపు తిరిగారు. 1766లో బొంబాయి నుంచి వచ్చిన ఓడలు, ఒట్టోమన్ బలగాలు కలిసి కాబ్ మీదికి వెళ్లాయి. ఆ దాడి సాగలేదు. అది నడుస్తుండగానే కరీం ఖాన్ నుంచి కబురు వచ్చింది: కాబ్ నా ప్రజలు, మీరు వెనక్కి వెళ్లండి. ముందటి ఏడాది తానే తిరుగుబాటుదారులని తరిమినవాళ్లను ఈ ఏడాది తన ప్రజలన్నాడు. ఇందులో పొంతన లేదనిపిస్తుంది గానీ ఉంది. తన ప్రజ కానివాడు తిరుగుబాటుదారు ఎలా అవుతాడు? దండెత్తడం కూడా ఏలుబడి దావాలో భాగమే. ఆ తర్వాత ఓడల నష్టం గురించి ఇంగ్లీషువాళ్లు కరీం ఖాన్‌తోనే బేరసారాలు నడిపారు. దాన్నిబట్టి, నా లెక్కలో, 1766 తర్వాత దౌరఖ్ కాబ్ విషయంలో ఇరాన్ దావా ఒట్టోమన్ దావా కంటే ఒక మెట్టు పైన ఉంది. 1776లో కరీం ఖాన్ తమ్ముడు సాదిఖ్ ఖాన్ బస్రాను పట్టుకున్నప్పుడు కాబ్ నావలు ఇరాన్ వైపే పనిచేశాయి. అయినా ఇది షత్ ఒడ్డు తోటల గురించి ఏమీ తేల్చదు. అవి బస్రా లెక్కలోనే కొనసాగాయి.

1812లో వ్యవహారం మలుపు తిరిగింది. కాబ్ కింద ఉండే ముహైసిన్ అనే శాఖకు చెందిన హాజీ యూసుఫ్ బిన్ మర్దావ్, హఫ్ఫార్ కాలువ షత్ అల్-అరబ్‌లో కలిసే చోట ముహమ్మరా కట్టాడు. నేటి ఖుర్రంషహర్ అదే. అక్కడ సుంకాలు తక్కువ కావడంతో బస్రాకు వెళ్లాల్సిన సరుకు ముహమ్మరాలో దిగడం మొదలైంది. అప్పటిదాకా గుత్త బకాయిల స్థాయిలో ఉన్న తగాదా ఇప్పుడు బస్రా రేవు ఆదాయానికే ఎసరు పెట్టింది. 1837లో, షా సైన్యం హెరాత్ వైపు కదిలి ఉన్న సమయం చూసి, బాగ్దాద్ గవర్నరు అలీ రిజా పాషా ముహమ్మరా మీద పడి ఊరిని కొల్లగొట్టాడు. అప్పటి కాబ్ షేకు సామిర్ కువైట్‌కు తప్పించుకున్నాడు. ఇరాన్ పరిహారం అడిగింది. ఒట్టోమన్ జవాబు: మా నేల మీద మా ప్రజలను మేం శిక్షించుకున్నాం, మీకేం సంబంధం? తెగ విధేయత అనే ప్రశ్న దౌత్య వ్యవహారంగా మారింది ఇక్కడే. 1841లో ఇస్ఫహాన్ గవర్నరు మనూచెహ్ర్ ఖాన్ సైన్యంతో ఖుజెస్తాన్‌లోకి దిగి ఫల్లాహియా మీద ఒత్తిడి తెచ్చాడు. అప్పటి నుంచి అక్కడ షా అధికారం కాగితం దాటి కనిపిస్తుంది.

రెండు వైపుల వాదనల్లో నీటికి సంబంధించినది విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది తెగ ప్రశ్నను దాటి వెళ్లిపోయింది. హఫ్ఫార్ తవ్విన కాలువ కాబట్టి కారూన్ అసలు మార్గం బహ్మన్‌షీరే, ముహమ్మరా షత్ అల్-అరబ్ ఒడ్డున ఉన్న బస్రా ఊరే అని ఒట్టోమన్ పక్షం అంది. కారూన్ మొత్తం ఇరాన్‌లో పారే నది, దాని మొగదాల ఉన్న ఊరు ఇరాన్‌దే అని ఇరాన్ పక్షం అంది. ఆ ప్రాంతంలో తిరిగిన ఆస్టిన్ హెన్రీ లేయర్డ్ ఒట్టోమన్ వాదనకే బలం ఉందని ఇస్తాంబుల్‌లోని ఇంగ్లీషు రాయబారి స్ట్రాట్‌ఫోర్డ్ కానింగ్‌కు చెప్పాడు. రష్యా ఇరాన్ వైపు నిలిచింది. లండన్‌లో విదేశాంగ మంత్రి అబర్డీన్ రష్యాతో తగాదా వద్దనుకుని ఆ వైపే మొగ్గాడు.

ఒట్టోమన్ పట్టణం ఎర్జురూమ్‌లో చర్చలు 1843 మే నుంచి నాలుగేళ్లు సాగాయి. ఇరాన్ తరఫున మీర్జా తకీ ఖాన్ కూర్చున్నాడు. తర్వాతి కాలంలో అమీర్ కబీర్ బిరుదుతో ప్రధాని అయినవాడు ఇతనే. ఒట్టోమన్ తరఫున అన్వరీ ఎఫెండి. మధ్యవర్తులు బ్రిటన్, రష్యా. 1847 మే 31న తొమ్మిది నిబంధనల ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. తెగల విషయంలో పట్టి చూడాల్సినవి రెండో నిబంధన, ఎనిమిదో నిబంధన.

రెండోది ఒక ఇచ్చిపుచ్చుకోలు. సరిహద్దులోని జొహాబ్ ప్రాంతంలో పడమటి పల్లపు నేల ఒట్టోమన్‌కు, తూర్పు కొండ భాగం ఇరాన్‌కు. కుర్దుల ప్రాంతమైన సులైమానియా మీద ఇరాన్ దావా వదులుకుంది. ముహమ్మరా ఊరు, రేవు, ఖిజ్ర్ ద్వీపం, అబాదాన్ లంగరు తావు, వీటితో పాటు షత్ అల్-అరబ్ ఎడమ ఒడ్డున, అంటే తూర్పు ఒడ్డున, ఇరాన్‌కు చెందినవని అంగీకరించిన తెగల స్వాధీనంలో ఉన్న నేల ఇరాన్‌వని ఒట్టోమన్ ఒప్పుకుంది. అంటే నేల ఎవరిదో తెగను బట్టి తేలుతుంది.

ఎనిమిదోది తెగల గురించి. ఏ ప్రభుత్వానిదో తెలియని తెగలు తాము ఇక మీదట ఎప్పటికీ ఉండబోయే చోటును ఒక్కసారి, కడసారి ఎంచుకోవచ్చు. ఏ ప్రభుత్వానివో తెలిసిన తెగలను ఆ ప్రభుత్వపు నేలలోకి బలవంతంగానైనా రప్పించాలి. అంటే తెగ ఎవరిదో నేలను బట్టి తేలుతుంది.

రెండూ కలిపి చదివితే లోపం తెలుస్తుంది. ఎడమ ఒడ్డు నేల ఎవరిదంటే అక్కడి తెగ ఎవరిదో చూడమంటుంది రెండోది. తెగ ఎవరిదంటే అది ఏ నేల మీద కుదురుకుందో చూడమంటుంది ఎనిమిదోది. కాబ్ పేరు ఏ నిబంధనలోనూ లేదు. ముహమ్మరా పేరు పెట్టి రాశారు కాబట్టి ఆ ఊరి గొడవ తీరింది. చుట్టూ ఉన్న తోటల గొడవ అలాగే ఉండిపోయింది.

ఎనిమిదో నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అది ఇక్కడ ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. అది కొండల్లో గుడారాలతో తిరిగే తెగల అనుభవం నుంచి పుట్టింది. ఈ రెండు రాజ్యాల మధ్య కుదిరిన 1639 జొహాబ్ ఒప్పందంలోనే జాఫ్ తెగను శాఖల వారీగా పంచారు. జియాఉద్దీన్, హారూనీ శాఖలు సుల్తానుకు, పీరా, జర్దూయీ శాఖలు షాకు అని రాశారు. 1821–23 యుద్ధానికి ఒక కారణం హైదరాన్లు, సిబ్కీ అనే కుర్దు తెగలు. వాన్ సరస్సు, బాయజీద్, ఖోయ్ ప్రాంతాల మధ్య తిరిగే ఈ తెగలు తమవని ఇరాన్ అంటే, ఒట్టోమన్ పాషాలు ఆశ్రయం ఇచ్చారు. 1823 జులైలో కుదిరిన మొదటి ఎర్జురూమ్ ఒప్పందం మూడో నిబంధన చాలా నికరంగా ఉంటుంది. ఈ రెండు తెగలు ఇప్పుడు ఒట్టోమన్ నేలలో ఉన్నాయి. ఇరాన్ మీద దోపిడీలకు దిగితే ఒట్టోమన్ అధికారులు ఆపాలి. ఆపలేకపోతే వాళ్లకు రక్షణ మానుకోవాలి. వాళ్లు తమ ఇష్టంతో ఇరాన్‌కు తిరిగి వెళ్తే అడ్డుపడకూడదు. వెళ్లాక మళ్లీ ఒట్టోమన్ వైపు వస్తే చేర్చుకోకూడదు. చూడండి, ఇందులో తెగ పేరు ఉంది, అప్పుడు ఉన్న చోటు ఉంది, ఒక్కసారి మాత్రమే దాటే హక్కు ఉంది, జవాబుదారీ ఎవరిదో ఉంది. తెగల గురించి ఈ రెండు రాజ్యాలు రాసుకున్న వాటిలో నాకు అన్నిటికంటే బాగా కనిపించేది ఇదే. 1847లో దీన్నే సాధారణ సూత్రంగా మార్చి తెగల పేర్లు తీసేశారు. దాంతో పట్టు పోయింది.

గుడారం విప్పుకుని దాటే తెగకు "చోటు ఎంచుకో" అనవచ్చు. ఖర్జూర తోట ఉన్న తెగకు ఆ మాట అర్థం లేనిది. పిలక నాటాక కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. షత్ ఒడ్డు తోటలు సముద్రపు పోటు మీద బతుకుతాయి. రోజుకు రెండుసార్లు పోటు నది మంచినీటిని వెనక్కి నెట్టి చిన్న కాలువల్లోకి ఎక్కిస్తుంది. ఆ కాలువల పూడిక తీసేవాళ్లు లేకపోతే తోట చస్తుంది. ముహైసిన్ శాఖ కుటుంబాలకు నదికి రెండు ఒడ్డులా తోటలున్నాయి. వాళ్లను ఏ వైపుకు రప్పించాలి? ఎర్జురూమ్‌లో కూర్చున్నవాళ్లు ఈ తోటల లెక్క తెప్పించుకుని ఉంటే ఎనిమిదో నిబంధనను అలా రాసేవాళ్లు కారు.

ఈ చిక్కు ఒట్టోమన్ మంత్రులకు సంతకానికి ముందే తట్టింది. వాళ్లు మధ్యవర్తులను వివరణ అడిగారు. 1847 ఏప్రిల్ 26న బ్రిటన్, రష్యా రాయబారులు ఒక వివరణ పత్రం ఇచ్చారు. ముహమ్మరా ఊరు, రేవు, లంగరు తావు, ఖిజ్ర్ ద్వీపం తప్ప ఇంకే నేలా ఇరాన్‌కు పోదని, షత్ కుడి ఒడ్డు మీద గానీ, ఎడమ ఒడ్డున ఒట్టోమన్‌కు చెందిన నేల మీద గానీ, అక్కడ ఇరాన్ తెగలు నివసిస్తున్నా సరే, ఇరాన్ దావా చేయలేదని దాని సారాంశం. అంటే తెగను వదిలి నేలనే పట్టుకున్నారు. ఒప్పందపు ఆమోద పత్రాలు మార్చుకోవడానికి ఇస్తాంబుల్ వచ్చిన ఇరాన్ రాయబారి మీర్జా ముహమ్మద్ అలీ ఖాన్ 1848లో దీన్ని అంగీకరిస్తూ సంతకం పెట్టాడు. అతనికి ఆ అధికారం లేదని టెహ్రాన్ తర్వాత తోసిపుచ్చింది. ఒప్పందాన్ని ఉటంకించేవాళ్లలో ఎవరు వివరణ పత్రాన్ని కలిపి చదువుతున్నారు, ఎవరు వదిలేస్తున్నారు అన్నది చూస్తే వాళ్లు ఏ పక్షమో వెంటనే తెలిసిపోతుంది. 1934లో ఇరాక్ నానాజాతి సమితికి ఫిర్యాదు చేసినప్పుడు కూడా వాదన ఈ సంతకం చుట్టూనే తిరిగింది.

1850లో సరిహద్దు కమిషన్ ముహమ్మరాలో పని మొదలుపెట్టింది. ఒట్టోమన్ తరఫున దర్వీష్ పాషా, ఇరాన్ తరఫున మీర్జా జాఫర్ ఖాన్, బ్రిటన్ నుంచి కర్నల్ విలియమ్స్, రష్యా నుంచి కర్నల్ చిరికోవ్. ఊరు, రేవు, లంక తప్ప ఎడమ ఒడ్డంతా తమదేనని దర్వీష్ పాషా పట్టుబట్టాడు. అక్కడి తెగలు తమవి కాబట్టి నేలా తమదేనని ఇరాన్ కమిషనరు అన్నాడు. ఒకరి చేతిలో వివరణ పత్రం, ఇంకొకరి చేతిలో రెండో నిబంధన. చివరికి ఏమీ తేలక, ఉన్నది ఉన్నట్టు వదిలేసి, నేల కొలతలు తీసుకుంటూ ఉత్తరానికి సాగిపోయారు. 1852 దాకా కొలిచారు. 1869లో వచ్చిన ఉమ్మడి పటంలో కూడా సరిహద్దు ఒక గీతగా లేదు. సరిహద్దు ఎక్కడో ఇందులోనే ఉందని చెప్పే వెడల్పాటి పట్టీగా ఉంది.

ఈలోగా నేల మీద ప్రశ్న తనంతట తనే రూపం మార్చుకుంది. ముహైసిన్ నాయకుడు హాజీ జాబిర్ షా అధికారాన్ని ఒప్పుకుని ముహమ్మరాను నిలబెట్టుకున్నాడు. ఫల్లాహియా కాబ్ బలం తగ్గుతూ వచ్చింది. 1897లో గద్దెనెక్కిన షేక్ ఖజ్అల్ కాలానికి ఫల్లాహియా కాబ్ శాఖలు కూడా ముహమ్మరా కిందికి వచ్చాయి. కాబట్టి 1850 తర్వాతి పత్రాల్లో "కాబ్ షేకు" అని ఉంటే అది ఫల్లాహియా షేకో, ముహమ్మరా షేకో ముందు తేల్చుకోవాలి. ఇద్దరి వ్యవహారాలు వేరు.

కమిషన్ చేయలేని పనిని 1913 నవంబరు 17న ఇస్తాంబుల్ ప్రోటోకాల్ చేసింది. నది ఒట్టోమన్‌ది, కొన్ని లంకలు, ముహమ్మరా రేవు, లంగరు తావు ఇరాన్‌వి. నేలపై సరిహద్దు గీతను స్థలాల పేర్లతో రాశారు, తెగల ఊసు లేకుండా. తోటల సంగతికి మాత్రం ఒక వాక్యం పెట్టారు. ముహమ్మరా షేకుకు ఒట్టోమన్ నేలలో ఉన్న ఆస్తి హక్కులు ఒట్టోమన్ చట్టాలకు లోబడి కొనసాగుతాయి. అరవై ఆరేళ్ల ముందు రాయాల్సిన వాక్యం అది. ఏలుబడి వేరు, ఆస్తి వేరు అని విడదీస్తే షేకు ఒక రాజ్యపు ప్రజగా ఉంటూ రెండో రాజ్యంలో తోటల శిస్తు కట్టుకోవచ్చు. 18వ శతాబ్దంలో జరిగింది దాదాపు అదే. 1914లో కమిషన్ ముహమ్మరా నుంచి అరారత్ దాకా హద్దురాళ్లు పాతింది.

మీరు స్వయంగా పత్రాలు చూడదలిస్తే కొన్ని జాగ్రత్తలు. శాఖ పేరు, ఊరు, తేదీ ఈ మూడూ లేని వాక్యాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. మతాన్ని బట్టి, భాషను బట్టి తీర్మానించకండి. కాబ్ షియాలు కాబట్టి ఇరాన్ వాళ్లని ఒకరు, అరబ్బులు కాబట్టి ఒట్టోమన్ వాళ్లని ఇంకొకరు అంటారు. దక్షిణ ఇరాక్‌లో షియా తెగలు ఎన్నో సుల్తాను కిందే ఉన్నాయి, షా కింద అరబ్బు తెగలూ ఉన్నాయి. ఇరాన్ ప్రభుత్వ పత్రాలే ఆ రాష్ట్రాన్ని 1920ల దాకా అరబిస్తాన్ అనేవి, కాబట్టి ఆ పేరు కనబడినంత మాత్రాన అది ఎవరి దావాకూ బలం కాదు.

తేదీల్లో మరింత జాగ్రత్త. ఒట్టోమన్ ఆర్థిక పత్రాలు మార్చిలో మొదలయ్యే రూమీ సంవత్సరం వాడతాయి, మిగతా పత్రాలు హిజ్రీ వాడతాయి. 1840లో రెండింటి అంకె ఒకటే, తర్వాత దూరం పెరుగుతూ పోయింది. 1913 నవంబరు హిజ్రీలో 1331, రూమీలో 1329. ఏ లెక్కో చూడకుండా మార్చుకుంటే ఒక శిస్తు పద్దు దండయాత్రకు ముందుదో తర్వాతదో తారుమారవుతుంది.

వెతికేటప్పుడు పేరు రూపాలు మార్చి చూడండి. స్థానిక ఉచ్చారణలో కాబ్ అన్నది చఅబ్ అవుతుంది. ఒట్టోమన్ రాతల్లోనూ, 18వ శతాబ్దపు ఇంగ్లీషు కంపెనీ ఉత్తరాల్లోనూ ఎక్కువగా ఆ చకారపు రూపమే కనిపిస్తుంది. బస్రా, గల్ఫ్ వ్యవహారాల ఇంగ్లీషు దస్త్రాలు లండన్‌లోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఖతర్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా చదవచ్చు. ముందు అక్కడ 1765–68, 1837–47 దస్త్రాలు చూసి, అందులో పేర్కొన్న తేదీలు పట్టుకుని ఇస్తాంబుల్‌లోని ఒట్టోమన్ ఆర్కైవ్స్, టెహ్రాన్‌లోని విదేశాంగ శాఖ ఆర్కైవ్స్ వైపు వెళ్తే పని తేలికవుతుంది. ఇంగ్లీషు దస్త్రాల్లో "టర్కీ ప్రజ", "పర్షియా ప్రజ" అని కనిపించే చోట ఆ ఉత్తరం ఎవరికి రాశారో కూడా చూడండి. బాగ్దాద్ పాషా దగ్గర పరిహారం అడిగే ఉత్తరంలో షేకును పాషా ప్రజ అనే రాస్తారు, కరీం ఖాన్‌కు రాసేటప్పుడు అదే షేకు ఖాన్ ప్రజ అవుతాడు.